కొసరు వెయ్యని కొట్టు

ఒరేయ్ మనవడా, పది నిమిషాల్లో కందిపప్పు గుమ్మంలోకి వచ్చిందని మురిసిపోతున్నావు. మా రోజుల్లో కందిపప్పు తేవాలంటే గంట పట్టేది. ఆ గంటలో ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో అంతా తెలిసిపోయేది.

నెల మొదట్లో అమ్మ చెబుతుంటే నేను సరుకుల చీటీ రాసేవాణ్ణి. ముందు పసుపు రాయాలి, ఆ తర్వాతే ఏదైనా. రెండు గుడ్డ సంచులు, నూనె డబ్బా పట్టుకుని తెనాలిలో మా వీధి చివర శెట్టిగారి కొట్టుకి వెళ్తే ఎండుమిరపకాయల ఘాటు, బెల్లం, ఇంగువ అన్నీ కలిసిన వాసన మెట్ల దగ్గరే పలకరించేది. మీ ఏసీ దుకాణాల్లో ఆ వాసనేదిరా? శెట్టిగారు పాత పేపరు చింపి, పప్పు పోసి, పైనుంచి వేలాడే పురికొస లాగి పొట్లం కట్టేవారు. ఆ కాగితం మీద సగం వార్త చదివి, మిగతా సగం ఏమై ఉంటుందా అని నేను వారమంతా ఆలోచించేవాణ్ణి.

1956లో కిలోల చట్టం వచ్చినా మా నాయనమ్మ లెక్క మారలేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బళ్లో కంటే ముందు ఆ కొట్టు అరుగు మీదే నాకు లెక్కలొచ్చాయి. త్రాసు సరితూగాక శెట్టిగారు ఇంకో పిడికెడు వేసేవారు, అదీ కొసరు. సంచి మోసే పిల్లాడికి వేరే కొసరు, బెల్లం ముక్కో గుప్పెడు పుట్నాలో. ఆఫర్లున్నాయంటావా? అవి నీచేత ఇంకో ప్యాకెట్ కొనిపించడానికిరా. కొసరుకి ఇంకేమీ కొనక్కర్లేదు.

మీ బాబాయి దగ్గరికి సియాటిల్ వెళ్లినప్పుడు, 2018లో అమెజాన్ వాళ్లు తెరిచిన కొట్టు చూపించాడు. ఫోను చూపించి లోపలికెళ్లాం, కావలసింది తీసుకుని వచ్చేశాం. పైకప్పు నిండా కెమెరాలే, బిల్లు వేసే మనిషి లేడు. అమెరికాలో తమ పెద్ద కిరాణా దుకాణాల్లోంచి ఆ ఏర్పాటుని 2024లో వాళ్లే తీసేస్తున్నారని విని నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఊరుకుంటారా? 1916లో మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ అనే కొట్టు పెట్టి, సరుకు మీరే తీసుకోండన్నప్పుడే మొదలైంది ఇదంతా. 1974లో ఒహాయోలో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది గీతల్ని మిషను చదివింది, ధర అడిగే పనీ పోయింది. ఇప్పుడు నీ పది నిమిషాల సరుకు డార్క్ స్టోర్ నుంచి వస్తుందట, కొనేవాడు గడప తొక్కని కొట్టు. రేపు ఫ్రిజ్జే పాలు తెప్పించుకుంటుందట.

నిజమే, బియ్యంలో రాళ్లు ఏరలేక అమ్మకి నడుం పడిపోయేది. పోయిన వానాకాలం మోకాళ్ల నొప్పితో నేనూ నీ ఫోన్లోంచే పాలు తెప్పించుకున్నాను. తెచ్చిన కుర్రాడు నిలువునా తడిసిపోయాడు, కాసిని మంచినీళ్లు తాగి వెళ్లరా అనేలోపే మెట్లు దిగిపోయాడు. వాడికీ ఆ పది నిమిషాలే కదా.

మనమేం తింటామో మిషనుకి అంతా తెలుస్తుందంటావు. శెట్టిగారికీ తెలుసురా. చీటీలో వాము, శొంఠి కనిపిస్తే, "ఏరా, అక్క పురిటికొచ్చిందా?" అనేవారు. మా నాన్న పోయిన నెలలో అమ్మ చీటీ రాయించలేదు. దినవారాలు అయిన మర్నాడు శెట్టిగారే బియ్యం, పప్పు, నూనె రిక్షాలో పంపించారు. పద్దు ఎప్పుడు తీర్చమంటారని అమ్మ కబురు చేస్తే, పిల్లల చదువు చూసుకోమ్మా అన్నారు. ప్రతి నెలా మా చీటీ చివర్లో నాన్న వక్కపొడి ఉండేది. ఆ నెల సంచిలో అదొక్కటే లేదు.

నీ ఫ్రిజ్జయితే తెప్పించేదిరా.