ఒక ఎమిగ్రేషన్ పాసు ఆత్మకథ

సర్కారు కాగితానికి ఉత్తమ పురుషలో మాట్లాడే అలవాటు లేదు గనుక, ఈ పాసు తన కథను ప్రథమ పురుషలోనే చెప్పుకొంటున్నది. ఎమిగ్రేషన్ పాసు అంటే, బ్రిటిష్ ఇండియా నుంచి సముద్రాంతర వలస రాజ్యాలకు ఒప్పందపు కూలీగా బయలుదేరే మనిషి ఎవరో, ఎక్కడివాడో నమోదు చేసి, అతడిని ఓడ ఎక్కనిచ్చే పత్రం. పురుషులకు ఒక రకం ఫారం, స్త్రీలకు మరొక రకం ఫారం ఉండేవి. ఈ పాసు మద్రాసులో నిండింది, ఫిజీ దీవులకు చేరింది, అక్కడి రాజధాని సువాలో స్థిరపడింది. దానిలో పేరున్న మనిషి విశాఖపట్నం జిల్లావాడు. ఆ పేరు ఇక్కడ చెప్పడం మర్యాద కాదు.

ఫిజీకి భారతీయ కూలీల వలస 1879 మే నెలలో లియోనిడాస్ అనే ఓడ రాకతో మొదలై, 1916 నవంబరులో సట్లెజ్ అనే ఓడ రాకతో ముగిసింది. మొదటి ఇరవై నాలుగేళ్లు ఓడలన్నీ కలకత్తా నుంచే బయలుదేరగా, 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరుచుకొన్నది. మొత్తం 60,000కు పైగా వలసపోయిన వారిలో మద్రాసు నుంచి వెళ్లినవారు సుమారు 15,000 మంది. ఉత్తరార్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు. ఒప్పందం ప్రకారం అయిదేళ్లు చెరకు తోటల్లో పని చేయాలి. వారంలో అయిదు రోజులు రోజుకు 9 గంటలు, శనివారం 5 గంటలు పని, మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి 9 పెన్నీలు కూలి. అయిదేళ్లు నిండాక సొంత ఖర్చుతో తిరిగి రావచ్చు, పదేళ్లు నిండితే ఓడ ఖర్చు సర్కారు భరిస్తుంది. ఈ అగ్రిమెంటునే కూలీలు గిర్మిట్ అన్నారు, దాని కింద వెళ్లినవారు గిర్మిటియాలయ్యారు.

మద్రాసు డిపోలో, అంటే ఓడ వచ్చేదాకా కూలీలను ఉంచే విడిదిలో, గుమాస్తా ఈ పాసు గడులను చేత్తో నింపాడు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, దగ్గరి బంధువు పేరు, జిల్లా, తాలూకా, గ్రామం, అడుగుల్లోనూ అంగుళాల్లోనూ ఎత్తు, ఒంటి మీది గుర్తులు వరుసగా అందులో చేరాయి. పుట్టుమచ్చ, గాయపు మచ్చ వంటి గుర్తులను రాసుకోవడంలో ఉద్దేశం వంశచరిత్ర కాదు. తోట విడిచి పారిపోయినవాడిని పోల్చుకోవడం, ఒకడి బదులు మరొకడు రాకుండా చూడడం. గడుల కింద ధ్రువీకరణలు ఉన్నాయి. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడనీ టీకాలు వేయించుకొన్నాడనీ వైద్యుడు సంతకం చేశాడు. పని షరతులన్నీ వివరించి చెప్పాననీ, ఇష్టపూర్వకంగానే వస్తున్నాడనీ ఎమిగ్రేషన్ ఏజెంటు సంతకం చేశాడు. వలసదారుల రక్షణాధికారి, అంటే కూలీల ఎగుమతిలో మోసం జరగకుండా చూడవలసిన సర్కారు ఉద్యోగి, ప్రయాణానికి అనుమతించాడు. వివరించి చెప్పారన్న మాటకు ఈ పాసు సాక్షి కాగలదు గాని, విన్న మనిషికి అందులో ఎంత అర్థమైందో చెప్పే గడి ఏదీ దానిలో లేదు.

గడులన్నీ నిండినా ఒక గడి మాత్రం అసలే లేదు. తెలుగువాడిని తెలుగువాడు ఊళ్లో గుర్తుపట్టేది ఇంటిపేరుతో. పెళ్లి సంబంధమైనా, దాయాదుల తగవైనా, భూమి పట్టా అయినా ముందుగా అడిగేది అదే. ఇంగ్లీషులో అచ్చయిన ఫారంలో దానికి చోటు లేదు, అడగని సంగతిని గుమాస్తా రాయలేదు. ఫిజీలో కొడుక్కు తండ్రి పేరే వెనుక తగులుకొని, మనవడి నాటికి తాత పేరు కుటుంబ నామంగా స్థిరపడిన సందర్భాలు అనేకం. కొన్ని కుటుంబాలకు నాయుడు, రెడ్డి వంటి బిరుదులు మిగిలాయి గాని, ఉత్తరాంధ్రలో నాయుడు అనే బిరుదు ఒక్క కులానిది కాదు, ఒక్క వంశానిది అసలే కాదు. తెలుగునాట కొన్ని కులాలకు వంశక్రమం చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. రెడ్లు, కమ్మవారు మొదలైనవారి గోత్రాలను, ఇంటిపేర్లను తరతరాలుగా పాడి చెప్పిన పిచ్చిగుంట్లవారు, నేటి వంశరాజులు, అటువంటివారే. సముద్రం దాటి వచ్చినవాడు వారి ఎదుట కూర్చుంటే వారు ముందుగా అడిగే ఇంటిపేరు, గోత్రం అనే రెండు ప్రశ్నలకూ ఈ పాసు దగ్గర జవాబు లేదు. ఇంత పొందికగా మనిషిని నమోదు చేసిన పత్రం అతని వంశాన్ని ఇంత నిశ్శబ్దంగా తెంచివేయడం ఈ పాసుకు తీరని వెలితి.

ఇంటిపేరు లేనప్పుడు ఊరే ఆధారం కావాలి, కాని ఊరు కూడా పాసులో రాసినచోట నిలవలేదు. ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం చికాకోల్, కాకినాడ కొకనాడ, ఏలూరు ఎల్లోర్ అయ్యాయి. పెద్ద పట్నాల సంగతే ఇట్లా ఉంటే, చిన్న పల్లె పేరును గుమాస్తా చెవికి తోచినట్లు రాసినప్పుడు అది ఏ రూపం దాల్చిందో ఊహించవచ్చు. ఇంతకంటె పెద్ద చిక్కు జిల్లాల హద్దులది. తిరుపతి పరిసరాల చంద్రగిరి తాలూకా మనిషి 1903లో ఉత్తరార్కాటు జిల్లావాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ ప్రాంతం అందులో చేరింది, 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాకు వచ్చింది. ఉత్తరార్కాటు అన్న మాట చూసి తమ పూర్వీకుడు తమిళుడే అనుకొని, తమిళనాట వేలూరు చుట్టూ వెదికే మునిమనవడిని తప్పుపట్టలేము. శ్రీకాకుళం ప్రాంతపువాడు పాసులో గంజాం జిల్లావాడు, అందుచేత వారసుడి చూపు ఒడిశా మీదికి పోతుంది. ఇక తాలూకా అనే విభాగమే 1985లో ఆంధ్రప్రదేశ్‌లో మండలాలకు చోటిచ్చి తప్పుకొన్నది. అంతకు ఒక ఏడాది ముందు, 1984లో, ఊరి లెక్కలు రాసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు వంటి వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయ్యాయి. పలానావాడు సముద్రం మీద పోయాడని తాతలనాటి మాట చెప్పగల మనుషులు అప్పటినుంచి కచేరీలో కనిపించలేదు.

సువా చేరువలోని నుకులావు దీవిలో క్వారంటీను, అంటే రోగభయం తీరేదాకా విడిగా ఉంచడం, ముగిశాక మనిషి తోటకు పోయాడు, పాసు కచేరీకి పోయింది. ఆ తరువాత ఇద్దరూ కలవలేదు. తోటి పాసులతో కలిపి బైండు చేయించుకొని అది నేడు ఫిజీ జాతీయ అభిలేఖాగారంలో ఉంది. తోటలో మనిషికి పని చెప్పిన భాష హిందీ, అతనికి దక్కిన పిలుపు మద్రాసీ. తమిళుడూ తెలుగువాడూ మలయాళీ ఆ ఒక్క పిలుపులో కలిసిపోయారు. తెలుగువారు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని పెట్టుకొన్నది 1941లో. కొన్ని ఇళ్లలో తాము తెలుగువారమన్న సంగతి ఈ పాసులోని జిల్లా పేరు చూశాకే తెలియవచ్చు. పరిశోధకులు కూడా ఈ కట్టల దగ్గరికి ఆలస్యంగానే వచ్చారు. గిర్మిటియా మనవడైన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఇటువంటి పాసులను 45,000కు పైగా లెక్కకట్టి 1983లో ‘గిర్మిటియాస్’ అనే గ్రంథం వెలువరించాడు గాని, అవి కలకత్తా రేవు పాసులు; మద్రాసు పాసులు ఆయన లెక్కలో లేవు.

వారసులకు పనికివచ్చే మొదటి ఆధారం పాసు నంబరు, రెండోది ఓడ పేరు, మూడోది వచ్చిన సంవత్సరం. పేరును మాత్రమే నమ్ముకోరాదు. అప్పన్నలూ నారాయణలూ సన్యాసులూ తెలుగునాట కొల్లలు గనుక, తండ్రి పేరుతోనూ గ్రామంతోనూ సరిపోల్చకుండా నకలు తీసుకొన్నవారు వేరొకరి తాతను ఇంటికి తెచ్చుకొనే ప్రమాదం ఉంది. ఫిజీ నుంచి వెదుకుతూ వచ్చేవారు పాసు నకలుతో పాటు 1911కు ముందరి మద్రాసు ప్రెసిడెన్సీ పటాన్ని, జిల్లా గెజెటీరును, అంటే ఆనాటి జిల్లా వివరాల గ్రంథాన్ని, దగ్గర ఉంచుకోవాలి. ఇటువైపు, పూర్వం ఒక పెదతాతో మేనత్తో ఓడెక్కి పోయి మళ్లీ రాలేదని వినివున్న కుటుంబాలు ఆ మనిషి పేరును, తండ్రి పేరును, ఇంటిపేరుతో సహా ఈ పూటే రాసి పెట్టాలి.