రేవు కావలెను

విశాఖపట్నంలో సముద్రం కనిపించని ఇల్లు ఉండొచ్చు గానీ, సముద్రం మీద అభిప్రాయం లేని మనిషి ఉండడు. ఇన్నేళ్ళూ ఆ అభిప్రాయాలతో నాకు పని పడలేదు. చేపలు పట్టే కయాక్ కొన్నాక పడింది.

కయాక్ అంటే మరేం లేదు, ఒక్క మనిషి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో తోసుకుపోయే సన్నపాటి ప్లాస్టిక్ పడవ. నాది పదకొండడుగులు, ముప్ఫై కిలోలు. లోపల దూరి కూర్చునేది కాదు, పైన కూర్చునే రకం. కూర్చునే చోట పైనుంచి అడుక్కి బొక్కలుంటాయి. మీదపడ్డ కెరటం నీళ్ళు వాటిలోంచి కిందికి పోతాయి. పొట్ట మాత్రం గాలితో, మూసేసి ఉంటుంది. ఈ ఏర్పాటు నేను వివరించేలోపే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బొక్కలు లెక్కపెట్టుకుని, "సారుకి కన్నాలున్న సరుకు అంటగట్టేసారండి" అని లిఫ్టు ఎక్కినవాళ్ళందరికీ చెప్పేశాడు. ఆ సాయంత్రమే మూడో అంతస్తాయన జాలిపడి, కన్నాలు పూడ్చుకోమని ఎమ్‌సీల్ పొట్లం తెచ్చిచ్చాడు.

దాన్ని ఎక్కడ దించాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. హార్బరు నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు పొడుగునా కుడిచేతి పక్కన సముద్రమే కదా, కారాపి దించుకోవడమే అనుకుంటారు చూసేవాళ్ళు. రోడ్డు పక్కన గోడ, గోడ కింద బండలు, బండల మీద సెల్ఫీలు, వాటి కింద కెరటాలు. ఈ నాలుగూ లేని చోటు కోసం పెళ్ళిళ్ళ పేరయ్యలా కాళ్ళరిగేలా తిరగాలి.

మా ఆఫీసులో సీనియర్ ఒకాయన చాలా ధైర్యంగా ఆర్కే బీచ్ అన్నాడు. "కురుసుర పక్కనుంచి దించేయవయ్యా. ఏదైనా అయితే జలాంతర్గామి పక్కనే ఉంది." నీళ్ళ కింద తిరగడానికి కట్టిన ఆ నావ 2002 నుంచి ఇసుకలో మ్యూజియమై కూర్చుంది. నన్ను రక్షించాలంటే ముందు దానికి టిక్కెట్టు కొనాలి. పైగా ఒడ్డు కోసుకుపోయిన చోట్ల ఇసుక మెట్టులా నిటారుగా దిగుతుంది. నేల మెల్లగా లోతైతే కెరటం దూరంలోనే విరగడం మొదలుపెట్టి, నురగలు కక్కుకుంటూ, ఒడ్డుకి వచ్చేసరికి నీరసపడుతుంది. నేల ఒక్కసారిగా లోతైతే దానికి విరిగే చోటు దొరకదు. తెచ్చిన బలమంతా ఆఖరి రెండు గజాల్లో దింపేస్తుంది. ఆ రెండు గజాల్లోనే మనం పడవలో కాలు పెట్టాలి. చూడ్డానికి మాత్రం అదే ప్రశాంతంగా ఉంటుంది, ఎందుకంటే వెనకాల నురగ వరసలు కనబడవు.

మా బావమరిది రుషికొండ అన్నాడు. అక్కడికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, దుస్తులు మార్చుకునే గదులున్నాయి, అద్దె కయాక్‌లు కూడా ఉన్నాయి. వాడికి తెలియని సంగతి ఏమిటంటే నా పడవకి గేలాలు కూడా ఉంటాయి. కెరటాల్లో ఎగురుతున్న కుటుంబాల మధ్యనుంచి పదునైన కొక్కేలు వేలాడేసుకుని వెళ్తే, మొదట తగిలేది చేప కాదు, శ్రీకాకుళం నుంచి విహారయాత్ర బస్సులో వచ్చిన ఏ పెద్దమనిషి పంచో.

యారాడ అందానికేం లోటు లేదు. కానీ డాల్ఫిన్స్ నోస్ కొండెక్కి దిగాలి, కారు మీద పదకొండడుగుల పడవతో ఆ మలుపులు తిరగాలి. ఆ కొండ చుట్టుపక్కల నేవీ. తూర్పు నౌకాదళం ముఖ్య కేంద్రం మన ఊళ్ళోనే ఉందని గర్వపడటం వేరు, తెల్లవారుజామున చీకట్లో నల్ల చొక్కాతో దాని ముందునుంచి నిశ్శబ్దంగా తెడ్డేసుకుపోవడం వేరు. వాళ్ళకి నా పడవ కనిపించకపోతే దేశానికి ప్రమాదం, కనిపిస్తే నాకు.

తెన్నేటి పార్కు పేరు కూడా ఒకరు ఎత్తారు గానీ, 2020 అక్టోబరు వాయుగుండంలో లంగరు నిలవక బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా కొట్టుకొచ్చి సరిగ్గా ఆ బండల్లోనే ఇరుక్కుంది. అంత ఓడ ఎంచుకోకుండానే చేరిన చోటుని నేను ఎంచుకుని మరీ చేరడం బాగుండదు.

భీమిలి మీద మాత్రం నాకు నిజంగా ఆశ పుట్టింది. గోస్తనీ నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. నదిలో అల ఉండదు. పడవ నదిలో దించి, కాళ్ళు తడవకుండా కూర్చుని, దర్జాగా సముద్రంలోకి వెళ్ళొచ్చు. కాగితం మీద ఇంతకన్నా మంచి రేవు లేదు. కానీ పోటు తీసేటప్పుడు నది నీళ్ళు బయటికి పరిగెడతాయి, సముద్రపు అల లోపలికి వస్తుంది, ఇద్దరూ మొగ దగ్గర ఎదురుపడతారు. అప్పుడు లేచే కెరటం పొట్టిగా, నిలువుగా, కోపంగా ఉంటుంది. దానికి తోడు మొగలో ఇసుక మేట కదులుతుంటుంది. పోయిన నెల దారి ఈ నెల దిబ్బ. అలాంటిచోట పోటు ఎక్కేటప్పుడో, నీరు నిలబడినప్పుడో దాటాలి. వెళ్ళేటప్పుడు ఆ వేళ చూసుకోగలం. చేపలు పడుతుండగా వాచీ చూసుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇక సముద్రం ఏ రోజు ఎలా ఉంటుందో తెలుసుకోవాలి కదా. దానికి ప్రభుత్వ సంస్థ ఉంది, ఇన్‌కాయిస్ అంటారు, 1999లో పెట్టారు. అల ఎత్తు, దిశ, గాలి, చేపలు ఎక్కడ చేరే అవకాశముందో కూడా చెబుతుంది. బంగాళాఖాతం ఎదురుగా నిలబడ్డ విశాఖవాసికి ఇవాళ సముద్రం బావుందా లేదా అని చెప్పే ఆ కార్యాలయం ఉన్నది హైదరాబాదులో. సముద్రం లేనివాళ్ళకే దాని గురించి నిష్పక్షపాతంగా చెప్పడం వీలవుతుందేమో. ఏమైనా ఆ అంచనా బాగా పనికొస్తుంది. నేను అందులో ఎత్తు కన్నా ముందు సెకన్లు చూస్తాను. ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య ఆరు సెకన్లంటే అది ఇక్కడి గాలి చేసిన గోల. పద్నాలుగు సెకన్లంటే దక్షిణాన ఎక్కడో మహాసముద్రంలో తుఫాను గాలికి పుట్టి, వేల కిలోమీటర్లు నడిచొచ్చిన అల. ఎత్తు రెండడుగులే ఉన్నా, ఒడ్డు దగ్గర లేచి నిలబడితే రెండడుగులతో సరిపెట్టదు. గాలి ఆకు కదలనంత సన్నంగా ఉన్న పొద్దుట కూడా అది రావచ్చు. మా సీనియర్ గారు "ఇవాళ గాలే లేదు, హాయిగా వెళ్ళు" అనేది సరిగ్గా అలాంటి రోజునే.

ఇంటావిడ షరతులు వేరే ఉన్నాయి. "ఏవండీ, మీరు ఎక్కడైనా దిగండి. నేను ఒడ్డున కూర్చోవాలంటే నీడ ఉండాలి, ఫోన్ సిగ్నల్ ఉండాలి, అరమైలులో ఇడ్లీ ఉండాలి." నవ్వుకున్నాను గానీ మొదటి రెండూ అసలు ఏ నిపుణుడైనా పెట్టాల్సినవే. నీటిలో ఉన్న మనిషి ఎన్నింటికి రావాలో తెలిసిన మరో మనిషి ఒడ్డున ఉండాలి. ఆ మనిషికి ఫోన్ పలకాలి. ఇడ్లీ ఆ మనిషిని అక్కడే ఉంచుతుంది.

మంగమారిపేట దాటాక, బీచ్ రోడ్డు దిగితే ఒక చిన్న జాలరి పేట ఉంది. ఒడ్డున తెప్పలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒకప్పుడు దుంగలు కట్టి చేసేవాళ్ళు, ఇప్పుడు చాలావరకు ఫైబర్‌వి. కారు మీద నా ఎర్ర పడవ చూసి, వల బాగుచేసుకుంటున్న ఒక తాత లేచొచ్చాడు. చుట్టూ తిరిగాడు. వంగి బొక్కలోంచి ఇసుక చూశాడు. ఎమ్‌సీల్ మాట ఎత్తని మొదటి మనిషి ఆయనే.

"మా దుంగల తెప్పకీ ఇంతే బాబూ, దుంగల సందుల్లోంచి నీరెలిపోద్ది. బాగానే సేసారు," అన్నాడు. ఆ కంపెనీ ఇంజనీర్లు ఈ మెప్పు ఎప్పటికీ వినరు.

"తాతా, ఎక్కణ్ణుంచి దిగితే మంచిది?"

"ఎల్లడానికి ఏ ఒడ్డైనా ఒడ్డే బాబూ. తిరిగొచ్చీడానికే ఒడ్డు సూసుకోవాల."

ఇంతమందిని అడిగాను, తిరిగి రావడం మాట ఎత్తినవాడు లేడు. వెళ్ళేటప్పుడు కెరటం ఎదురుగా కనిపిస్తుంది. ముక్కు దానికేసి పెట్టి, కెరటాల గుంపు వెళ్ళాక వచ్చే తెరిపి చూసి, నాలుగు తెడ్లు గట్టిగా వేస్తే గట్టెక్కుతాం. వచ్చేటప్పుడు అది వీపు వెనకాల లేస్తుంది. పడవ తోక ఎత్తుతుంది, ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది, పడవ అడ్డం తిరుగుతుంది, ఆపైన బోర్లా. అందుకే ఒడ్డుకి రాకముందే కర్రలు, కొక్కేలు, సంచి అన్నీ పడవకి కట్టేయాలి. అందుకే అడుగున రాళ్ళున్న ఒడ్డు పనికిరాదు. బోర్లా పడినా ఇసుక అయితే పరువే పోతుంది.

తాత చూపుడు వేలుతో నీళ్ళలో గీత గీశాడు. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక సందు నల్లగా, నునుపుగా ఉంది. ఒడ్డుకొచ్చిన నీరంతా వెనక్కి పోయే దారి అది. ఈతకి వచ్చినవాళ్ళు అదే నెమ్మదిగా ఉందని దిగుతారు, అదే లాగేస్తుంది. తెప్పలు మాత్రం బయటికి దాని మీదే పోతాయి, రాకకి పక్కనున్న కెరటం చూసుకుంటాయి. ఒకే సందు, ఇద్దరికి రెండు జాతకాలు.

"పొద్దున్న గాలి భూమ్మీంచి తోస్తాది. ఒడ్డునుంచి సూస్తే నీరు అద్దంలాగుంటాది. దాన్ని నమ్మి దూరం పోకు, తోసుకుపోద్ది. ముందు నీటికి ఎదురెల్లు, అలిసిపోయినాక అదే తెచ్చి దింపుతాది." మాఘ ఫాల్గుణాల్లో నీటి వాలు భీమిలి వైపు, అంటే ముందు రుషికొండ వైపు వెళ్ళాలి. కార్తీకంలో తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలాంటివాడు ఒడ్డున కూర్చుని బజ్జీలు తినాలని కూడా ఆయనే చెప్పాడు, వేరే మాటల్లో.

"ఇంకో సంగతి. నువ్వు ఏ ఒడ్డుకెల్లినా తెప్పలున్నాయేమో సూడు. నేవంటే ఎందుకు నేవో అడుగు."

అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు కదా అని నాకు అనుమానం వచ్చింది గానీ, లేకపోవడమే జవాబని కాసేపటికి అర్థమైంది.

అయితే రేవు కుదిరినా మోత మిగిలింది. రోడ్డు నుంచి నీళ్ళ దాకా మెత్తటి పొడి ఇసుక. కయాక్‌తో పాటు అమ్మిన సన్న చక్రాల బండి నేల మీద అద్భుతంగా నడిచి, ఇసుక తగలగానే నాగలిలా దిగబడుతుంది. లావుపాటి గాలి టైర్లైతే తేలిగ్గా పోతాయట, వాటి ధర వింటే గాలి మనలోంచి పోతుంది. నా అవస్థ చూసి తాత, "రోజూ ఎందుకు మోసుకొస్తావు బాబూ, మా తెప్పల పక్కన బోర్లించెయ్యి. మా మనవడు సూస్తాడు," అన్నాడు. అద్దె ఎంతని అడిగితే కోప్పడ్డాడు. చివరికి ఒక డబ్బా మంచి గేలాలు, రెండు చుట్టల నైలాన్ తాడుకి ఒప్పుకున్నాడు.

రేవు సంగతి అలా తేలింది. వీలున్న ఆదివారాల్లో చీకటితో వెళ్తాను, లైఫ్ జాకెట్ వేసుకుంటాను, కైలాసగిరి ఎక్కడుందో చూసుకుంటూ అడుగున రాళ్ళున్న చోటికి చేరతాను, గేలం వేస్తాను, ఎండెక్కకముందే వచ్చేస్తాను. వంజరం మాట అడక్కండి. పార చేప ఒకటి పడిందంటే మా వీధంతా తెలుస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, అరవై ఒక్క రోజులు. ఇంజన్ లేని తెప్పలకి ఆ నిషేధం లేదు. ఆ రోజుల్లో ఆఫీసు ఆడిట్ తగులుకుని నేను పేట వైపు వెళ్ళలేకపోయాను. ఒక సాయంత్రం తాత మనవడు మోటార్ సైకిల్ మీద మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి, వాచ్‌మన్ చేతికి తడి గోనెసంచి ఇచ్చి వెళ్ళాడు. అందులో కానాగంతలు, వాటి మీద అరచెయ్యంత వంజరం ముక్క.

ఫోన్ చేస్తే తాత ఎత్తాడు. "మనోడు నీ ఎర్రదాన్ని ఏసుకెల్తన్నాడు బాబూ. బాగా నడుస్తంది. అది నీ పడవ వాటా."

వాళ్ళ లెక్కలో పట్టిన చేపకి మనిషికింత, వలకింత, పడవకింత అని వాటాలుంటాయి. పడవగలవాడు ఇంట్లో పడుకున్నా అతని వాటా అతనిదే. ఆ లెక్కన నేను పేటలో పడవ ఆసామినైపోయాను.

ఇంటావిడ సంచి విప్పి, మొప్పలెత్తి చూసి, చింతపండు నానబెట్టింది. "ఏవండీ," అంది, "ఆదివారాలు కూడా ఆ అబ్బాయినే వెళ్ళమనకూడదూ?"