తువ్వాలు వేసి ఆపిన సీట్లు

ఇంటిల్లిపాదినీ రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్లాలన్న బుద్ధి నాకు పిల్లల మీద ప్రేమతో పుట్టిందని మా నాయుడుపేటలో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. ఫ్లోరిడాలో ఉన్న మా పెదనాన్న కొడుకు మీద పోటీతో పుట్టింది. వాడు డిస్నీ వరల్డ్‌కి వెళ్లి, ఆ కోట ముందు పెళ్లాంబిడ్డలతో దిగిన ఫొటోలు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో ఫొటోనీ వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఎంత బాగుండాదబ్బా! వీడు పెళ్లాంబిడ్డల్ని బాగా తిప్పతాడు" అంది. ఆ మాట చేపముల్లులాగా గొంతులో ఇరుక్కుంది.

మర్నాడు టీ అంగడి దగ్గర ఎవరూ అడక్కముందే ప్రకటించేశాను. "డిస్నీ ఏందన్నా? మన రామోజీ ఫిల్మ్ సిటీ గిన్నిస్ బుక్కులో ఎక్కింది. 1996లో కట్టింది. 1,666 ఎకరాలు! ప్రపంచంలో అంత పెద్ద సినిమా స్టూడియో ఇంకోటి లేదు" అన్నాను. డిస్నీ వరల్డ్ పాతికవేల ఎకరాల పైమాటేనని ముందురోజు రాత్రే చదివాను. ఆ సంగతి మాత్రం టీతోపాటు మింగేశాను. సాయంత్రానికల్లా ఈ వార్త స్వర్ణముఖి అవతలి ఒడ్డుకి కూడా చేరిపోయింది. ఇంట్లో వాళ్లకి అందరికంటే ఆఖర్న తెలిసింది.

ఇక ప్లానింగు. ఈ డిస్నీకి పోయేవాళ్లు మామూలు మనుషులు కారండీ. నెలల ముందు నుంచీ లెక్కలేస్తారు. గేటు తెరవకముందే పోయి నిలబడాలి, తాడు తీసిన క్షణంలో లోపలికి దూరాలి. దానికి 'రోప్ డ్రాప్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఏ ఆట ముందు, ఏది తర్వాత, ఏ వేళకి ఎక్కడ తినాలి, అన్నీ వీడియోల్లో పూస గుచ్చినట్టు చెబుతారు. రాత్రుళ్లు ఇల్లంతా నిద్రపోతే నేనొక్కణ్ణే కూర్చుని అవన్నీ చూశాను. చూసి, ఆ అమెరికా పద్ధతిని తెచ్చి మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకి తగిలించాను. నిమిషాల లెక్కన పట్టిక రాశాను. అందులో 'అమ్మ కూర్చోవడం: 10 నిమిషాలు' అని ఒక గడి కూడా ఉంది. దాన్ని మనిషికొకటి చొప్పున జిరాక్సు తీయించి, చెమటకి తడవకుండా లామినేషన్ చేయిస్తుంటే, జిరాక్సు అంగడి కుర్రాడు "ఎలక్షన్ డ్యూటీనా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్న దగ్గరే నాకు బుద్ధి రావాల్సింది.

ఇంత రాసినవాణ్ణి ఇంట్లో ఒక్కరినైనా "నీకేం చూడాలనుంది?" అని అడగలేదు. మా ఆవిడే ఒకరోజు దోసెలు పోస్తూ, "ఆ సిటీ లోపలే సితార, తార అని హోటళ్లుండాయంట గదండీ, రాత్రికి ఆడే దిగితే అత్తమ్మకి సులువు గదా" అంది. "నీకు తెలీదులే" అన్నాను. తెలియనిది నాకు. మన నెల్లూరు వైపు నుంచి ఒంగోలు, అద్దంకి, మిర్యాలగూడ మీదుగా కారులో పోతే నార్కెట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే తగులుతుంది. ఆ దారిలో ముందు ఫిల్మ్ సిటీ వస్తుంది, ఆ తర్వాతే హైదరాబాదు. పటంలో కళ్లెదురుగా ఉన్న సంగతే. నేనేం చేశాను? గూడూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి, సికింద్రాబాదులో దించి, నాలుగు వందలు తగ్గుతుందని ఊరికి అవతల కూకట్‌పల్లిలో బస పెట్టి, తెల్లారి అదే ఊరంతా అడ్డంగా దాటించి వెనక్కి తీసుకొచ్చాను. పిల్లల్ని చీకట్లోనే లేపి, నిద్రలోనే చొక్కాలు తొడిగాను.

రెండో రోజుకి రావిర్యాల దగ్గరి వండర్‌లా కూడా రాసుకున్నాను. 2016 నుంచీ ఉంది, అదీ చూసేద్దామని. పెద్ద రైడ్లకి 140 సెంటీమీటర్ల ఎత్తుండాలంటే, మావాణ్ణి తలుపుకి ఆనించి పెన్సిలు గీత గీశాను. చాల్లేదు. మళ్లీ జుట్టు పైకి దువ్వి గీశాను. నీళ్లలో దిగాలంటే నైలాను బట్టలుండాలని చెబితే, "ఈ వయసులో నాకు నైలానేందిరా?" అని అమ్మ నావైపు చూసిన చూపుతో ఆ పేజీ చింపేశాను. అదొక్కటే ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని.

ఫిల్మ్ సిటీ మాత్రం నేను చెప్పినదానికంటే బాగుంది. గేటు నుంచి వాళ్ల బస్సులోనే లోపలికి చాలా దూరం పోవాలి. లోపల మళ్లీ పక్కలు తెరిచిన ఎర్ర బస్సులు, ఒక గైడు. విమానాశ్రయం, రైల్వే స్టేషను, ఆస్పత్రి, విదేశీ వీధి, అన్నీ ముఖాలే, వెనక ఇళ్లు లేవు. ఇదంతా రూపొందించింది నితీశ్ రాయ్ అని గైడు కంటే ముందే నేను అందుకున్నాను. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. మా అమ్మాయి బయటి వైపు తిరిగి కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు అప్పుడు అర్థం కాలేదు.

బాహుబలి సెట్టు దగ్గర దిగాం. మా పాప మాహిష్మతి మెట్ల మీద రాజమాతలాగా నిలబడాలని ఇంటి దగ్గర్నుంచీ చున్నీ దాచి తెచ్చుకుందట. అమ్మ సంగతి వేరు. ఆమె ఒక స్తంభం దగ్గర ఆగి, వేలు మడిచి కొట్టి చూసింది. డొల్ల మోత. "రాయి గాదంట్రా ఇది!" అని ఆశ్చర్యపోయి, ఇంకో స్తంభం కొట్టింది. అదీ డొల్లే. ఇక వదిలితే ఒట్టు. చేతికందిన ప్రతి స్తంభాన్నీ, ప్రతి ఏనుగునీ తట్టి, చెవి ఒగ్గి విని, "ఎట్టా చేసినారబ్బా, ఎట్టా చేసినారబ్బా" అంటూ చిన్నపిల్లయిపోయింది. మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు. నా లామినేషను కాగితంలో ఆ చోటికి ఇరవై నిమిషాలే ఉంది. "అమ్మా, పదమ్మా" అని జబ్బ పట్టుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు సిగ్గుగా ఉంది.

అక్కణ్ణించి వైల్డ్ వెస్ట్ స్టంట్ షో. గుర్రపు దొంగలు, తుపాకులు, పేలుళ్లు. జనం విరగబడతారని వీడియోలో చెప్పారు కాబట్టి, "మీరు మెల్లగా రండి, నేను పోయి సీట్లు ఆపుతా" అని ముందు పరిగెత్తాను. పరిగెత్తి, గ్యాలరీలో మధ్య వరస పట్టి, భుజమ్మీది తువ్వాలు ఒక చోట పరిచి, జేబురుమాలు ఒక చోట, మావాడి టోపీ ఒక చోట, నీళ్ల సీసా ఒక చోట పెట్టి, నడుమ నేను చేతులు చాపి కూర్చున్నాను. జనం వస్తున్నారు, "ఎవరైనా ఉన్నారా అన్నా?" అంటున్నారు, "ఉన్నారు, వస్తన్నారు" అంటున్నాను, చంకలో పసిబిడ్డతో ఒకాయన వచ్చాడు, ఆయనకీ వస్తన్నారనే చెప్పాను, ఒక పెద్దావిడ తువ్వాలు పక్కకి జరిపింది, నేను మళ్లీ పరిచాను, ఫోను చేశాను, ఎత్తలేదు, మళ్లీ చేశాను, ఎత్తలేదు, ఈలోపు తుపాకీ పేలింది, ఆట మొదలైంది, గ్యాలరీ అంతా గుర్రపు దొంగల్ని చూస్తుంటే, మా వరస పక్కన నిలబడ్డవాళ్లు మాత్రం నన్ను చూస్తున్నారు. చివరికి పసిబిడ్డ ఆయన్ని నేనే పిలిచి కూర్చోబెట్టాను. ఆయన థ్యాంక్స్ కూడా చెప్పాడు. అది ఇంకా కష్టమనిపించింది.

మా వైపు మగవాళ్లకి ప్రేమ చూపించడం ఇలాగే వచ్చు. మా నాన్న మమ్మల్ని మద్రాసు వీజీపీ బీచికి తీసుకెళ్లిన రోజు, నాయుడుపేట బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి నాలుగు సీట్లు పట్టాడు. ఆ పూట మా నాన్నే నాకు హీరో. వీజీపీలో ఎవరెంత నవ్వించినా నవ్వకుండా నిలబడే బొమ్మ మనిషి కంటే, కిటికీలోంచి ఎగిరిన ఆ తువ్వాలే నాకు ఎక్కువ గుర్తు. టిక్కెట్టు తేవడం, సీటు ఆపడం, సామాన్లు లెక్క పెట్టడం. పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం మాత్రం మాకు ఎవరూ నేర్పలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకడు ఉండే ఉంటాడు.

షో అయిపోయాక వెతుక్కుంటూ పోతే, మూవీ మ్యాజిక్ బయట నీడలో మావాళ్లు ఐస్‌క్రీములు తింటూ కనబడ్డారు. నలుగురి మొహాలూ వెలిగిపోతున్నాయి. "నాన్నా, అమ్మ యాక్ట్ చేసింది!" అని మావాడు మీదకి దూకాడు.

జరిగింది ఇదీ. ఆ మూవీ మ్యాజిక్‌లో సినిమా ఎలా తీస్తారో చూపిస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్లలోంచే ఒకామెను పిలిచి, షోలేలో బసంతిలాగా టాంగా మీద కూర్చోబెడతారు. గుర్రం ఉండదు. టాంగా మాత్రమే. ఆమె కొరడా ఝళిపిస్తూ ఊగిపోవాలి. ఇంకొందరి చేత గుర్రపు డెక్కల చప్పుళ్లు చేయిస్తారు. తర్వాత బొమ్మనీ చప్పుడునీ కలిపి తెర మీద వేస్తే, నిజంగా గుర్రాన్ని తోలుతున్నట్టే ఉంటుంది. ఆ హాల్లో అంతమంది ఉండగా మా ఆవిణ్ణి పిలిచారట. పెళ్లిలో స్టేజీ మీద నిలబడి ఫొటో దిగమంటేనే నా వెనక దాక్కునే మనిషి. లేచి వెళ్లిందట. కొంగు నడుముకి చుట్టి, "హేయ్, చల్!" అని అరిచిందట. పాప అటు పక్క కూర్చుని డెక్కల చప్పుడు చేసిందట. అమ్మ ఈల వేయబోయి, రాక, చప్పట్లు కొట్టిందట.

"వీడియో తీశారా?" అన్నాను. ఎవరూ తీయలేదు. ఫోన్లన్నీ సంచిలో ఉన్నాయి, అందుకే నా కాల్స్ ఎవరికీ వినబడలేదు. "నీకోసం అమ్మ రెండుసార్లు వెనక్కి చూసింది నాన్నా" అంది పాప. ఆ మాట అన్నప్పుడు మా ఆవిడ ఐస్‌క్రీము పుల్ల వైపు చూస్తూ ఉంది. నేను కాగితం తీసి జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం పట్టికలో ఏముందో ఇప్పటికీ చెప్పలేను. మళ్లీ ఎర్ర బస్సెక్కి మాహిష్మతికి పోయాం. పాప చున్నీ కప్పుకుని మెట్ల మీద నిలబడింది. అమ్మ మిగిలిన స్తంభాలు తట్టింది. నేను కూడా తట్టాను.

ఆ టాంగా దృశ్యం మళ్లీ రాదు. ఇంటికొచ్చాక వంటింట్లో ఒకసారి చేసి చూపించమని అడిగాను. "పోండి" అని గరిటె చూపించింది. అమ్మ మాత్రం సూళ్లూరుపేటలో పెళ్లికి పోయినా, వీధరుగు మీద కూర్చున్నా, కోడలి కథ మొదలుపెడుతుంది. కొంగు ఎట్టా చుట్టిందో, ఎట్టా ఊగిందో అన్నీ చేసి చూపిస్తుంది. వినేవాళ్లు నావైపు తిరిగి, "నువ్వు చూసినావా అబ్బయా?" అని అడిగేలోపే తనే అందుకుంటుంది: "వాడు ఆడ లేడులే, పాపం. మాకు సీట్లు కాస్తా ఉన్న్యాడు."