లేదని చెప్పింది నేనే

అమ్మ గొలుసు దొడ్లో లేదని తేల్చి చెప్పింది నేనే. నేను చేసిన మిషను ఏమీ చెప్పలేదు, పలక్కుండా ఊరుకుంది. అది ఊరుకున్నందుకు ‘లేదు’ అని అర్థం తీసింది నేను. నా మాట నమ్మి అమ్మ వెతకడం మానేసింది. ఎండాకాలం రాగానే పెంటకుప్పను ట్రాక్టర్‌కెత్తి చెల్కకు తోలించాం. ఈ లెక్క ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే నాకు కొంత తెరిపిగా ఉండేది.

అది అరతులం గొలుసు. అమ్మమ్మ పెట్టింది. చాలా సన్నది, ఒక్కో లంకె ఆవగింజంత ఉండేది. కొక్కెం అరిగిపోతే, కంసాలికి ఇద్దామంటూనే దారంతో ముడేసి వేసుకునేది అమ్మ. ఒక పొద్దున బర్రె కింద పేడ తీసి కుప్పలో పోసి, గోలెం దగ్గర కాళ్లు కడుక్కుంటూ మెడ తడుముకుంటే గొలుసు లేదు. వెతకడంలో అమ్మ పద్ధతి అమ్మకుంది. కొట్టం నేలంతా ఊడ్చి, ఆ దుమ్మును చేటలో చెరిగింది. గోలెం చుట్టూ మట్టిని తవ్వి జల్లెడ పట్టింది. ఇక మిగిలింది పెంటకుప్ప. దాన్ని కూడా గంపెడు గంపెడు పక్కకు తీసి, చేత్తో పొడిచేసి చూద్దామని మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడు నేను పట్నం నుంచి వచ్చాను. వచ్చి, ఆగమన్నాను.

ఎందుకు ఆపానో నాకు బాగా తెలుసు. పాలు పోసిన డబ్బులతో అమ్మ నన్ను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివించింది. తర్వాత నాకు దొరికిన ఉద్యోగానికీ ఆ చదువుకీ సంబంధం లేదు. ఆ చదువు ఒక్కసారైనా అమ్మ కళ్లముందు, అమ్మకే అక్కరకు రావాలని చాలా ఏళ్లుగా నా కోరిక. గొలుసు పోయిందని విన్నప్పుడు బాధ కలిగింది నిజమే. కానీ ఆ బాధ వెనకాలే, ఇదే అదను అన్న ఆలోచన కూడా వచ్చింది.

కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. అక్కడే మెటల్ డిటెక్టర్ కిట్ కొన్నాను. పల్స్ ఇండక్షన్ రకం. అరచేతిలో పట్టే బోర్డు, ఒక 555 టైమర్, ఒక టీఎల్072 చిప్, ఒక ఐఆర్ఎఫ్740 మాస్‌ఫెట్, కాసిని రెసిస్టర్లు, కెపాసిటర్లు. పని సూటిగా ఉంటుంది. 555 సెకనుకు వందకు పైగా సార్లు సైగ చేస్తుంది. ప్రతి సైగకూ మాస్‌ఫెట్ కాయిల్‌లోకి కరెంటు వదిలి, ఠక్కున తెంపుతుంది. తెగిన క్షణంలో కాయిల్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది. దగ్గర్లో లోహమేదైనా ఉంటే ఆ కుదుపుకు దానిలో ఎడ్డీ కరెంట్లు పుట్టి, కాసేపు తిరిగి, ఆరిపోతాయి. అవి ఆరిపోయే లోపు కాయిల్‌లో చిన్న జాడ వదులుతాయి. ఆ జాడను చిప్ పెంచి స్పీకర్‌కు పంపుతుంది. ‘కాసేపు’ అన్నాను గానీ అది సెకనులో లక్షో వంతు లెక్క. నా కథ మొత్తం ఆ కాసేపు మీదే నడిచింది.

కాయిల్ కిట్‌తో రాదు, మనమే చుట్టుకోవాలి. 190 మిల్లీమీటర్ల అడ్డుకొలత, అర మిల్లీమీటరు తీగ, 25 చుట్లు. మోటారు వైండింగ్ షాపులో ఎనామిల్ తీగ తూకానికి ఇచ్చారు. ఇంట్లో ఆ కొలతకు సరిపోయింది అమ్మ చారు గిన్నె. గిన్నె బోర్లించి నేను చుడుతుంటే, అమ్మ ఎదురుగా కూర్చుని తీగ కండెను రెండు చేతుల మధ్య పట్టుకుంది. నేను లాగినంతే వదిలింది. మెలిక పడనివ్వలేదు, వదులు కానివ్వలేదు. చుట్లు తనే పైకి లెక్కపెట్టింది. చుట్టను గిన్నె మీంచి జార్చి, దారంతో అక్కడక్కడా బిగించి, టేపు వేశాం. కొనలకు మాత్రం టంకం పట్టలేదు. ఎనామిల్ పూత కూడా రాగి రంగులోనే మెరుస్తుంది, కంటికి ఉత్త తీగలాగే కనబడుతుంది. బ్లేడుతో నాలుగు వైపులా గోకితే కింద లేత ఎరుపు తేలింది. అప్పుడు సీసం చుక్క దాని మీద పాకింది. ఆ సాయంత్రం నాకు ఎంత సంతోషమో. అమ్మా నేనూ కలిసి ఒక వస్తువు తయారు చేయడం అదే మొదలు.

“పలుకుతదా బిడ్డా?” అంది. 12 వోల్టుల బ్యాటరీ తగిలించి, నాబ్ సరిచేసి, నా వేలి ఉంగరం తీసి కాయిల్ దగ్గరికి తెచ్చాను. గట్టిగా పలికింది. “చూసినవా, బంగారం పట్టింది” అన్నాను. నా తెలివితక్కువతనం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. అప్పుడది నాకు రుజువులా వినబడింది.

మర్నాడు దొడ్డంతా తిప్పాను. కొట్టం వాకిట్లో మేకులు, గోలెం పక్కన సైకిలు చువ్వ ముక్క, తుప్పు పట్టిన బ్లేడు, గడ్డిమోపులకు కట్టిన ఇనుప తీగ బయటపడ్డాయి. ఈ రకం మిషను ఏ లోహమో విడదీసి చెప్పదు. ప్రతి మేకుకూ అదే కూత. పెంటకుప్ప మీదికి వచ్చేసరికి మాత్రం గట్టి కూత లేదు. అక్కడక్కడా సన్నటి కిచకిచ, వచ్చీ రానట్టు.

“ఆ సన్న సప్పుడేంది?” అంది అమ్మ.

“అది ఉత్త రొదనే, పట్టించుకోకు” అని నాబ్ వెనక్కి తిప్పాను. రొద పోయింది. నాబ్ అంత వెనక్కి తిప్పితే చిన్న వస్తువుల జాడ కూడా రొదతో పాటే పోతుందని నాకు తెలుసు. తెలియక చేసి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. అమ్మ పక్కన నిలబడి చూస్తుంటే నా మిషను తడబడుతున్నట్టు వినిపించడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే తిప్పాను. ఆ తర్వాత కుప్ప చుట్టూ తిరిగి, పైన తిప్పి, మిషను ఎక్కడా పలకలేదు గనుక, “పెంటల లేదమ్మా, చెల్కకు పోయే తొవ్వల పడ్డదేమో” అన్నాను. అమ్మ చేతిలో గంప కింద పెట్టింది.

మిషను సంగతి ఊళ్లో పాకింది. చీకటి పడ్డాక ఇద్దరు వచ్చి, పాత గుడి వెనక లంకెబిందెలున్నాయని పెద్దలు అనేవారని, ఒక్కసారి తిప్పి చూడమని అడిగారు. ససేమిరా అన్నాను. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉందని, భూమిలో 10 రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలని, దాచుకుంటే జైలని విడమరిచి చెప్పాను. ఇప్పటికీ ఊళ్లలో గుప్తనిధుల పేరుతో పాత గుళ్లు తవ్వి పాడుచేస్తున్నారు. దానికి నా మిషను వాడనివ్వకపోవడం మంచి పనే. కాకపోతే ముక్కూమొహం తెలియని చట్టాన్ని అంత వివరంగా చెప్పగలిగినవాణ్ని, అమ్మ దగ్గర ‘నాకు తెల్వదు’ అన్న రెండు మాటలు అనలేకపోయాను.

దసరాకు అక్కావాళ్లు వచ్చారు. మేనకోడలు మిషను చూపించమంది. తన మెడలో సన్న గొలుసు తీసి కాయిల్ కింద పట్టింది. పలకలేదు. కాయిల్‌కు ఆనించినా పలకలేదు. కొక్కెం పెట్టి, తీసి, పరిచి, ముద్ద చేసి చూశాం. నాబ్ చివరిదాకా తిప్పితే, ముద్దగా ఉన్నప్పుడు మాత్రం సన్నగా కిచకిచమంది. కుప్ప మీద విన్న సప్పుడూ అలాంటిదే. అక్కడ పలికింది గొలుసేనని నేను చెప్పలేను. పెంటలో బ్లేడు ముక్క ఉన్నా అలాగే పలకవచ్చు. కానీ అది ఏమిటో తీసి చూడాల్సిన చోట, నోరు మూయించింది నేను.

ఆ రాత్రి కూర్చుని కారణం వెతుక్కున్నాను. కరెంటు బాగా పారే లోహాల్లో వెండి, రాగి తర్వాత బంగారమే. బళ్లో నేర్చుకున్న ఆ వరసే నన్ను మోసపుచ్చింది. బంగారం కాబట్టి పలుకుతుందనుకున్నాను. పలికేది లోహం పేరును బట్టి కాదు. ఎడ్డీ కరెంటు తిరగడానికి ఎంత మేర ఉంది, ఎంత మందం ఉంది, ఎంతసేపు ఆరకుండా ఉంటుంది అన్నదాన్ని బట్టి. ఉంగరం అతుకు లేని మందపాటి చుట్టు. దానిలో కరెంటు సాఫీగా తిరిగి, నెమ్మదిగా ఆరుతుంది. గొలుసులో ఒక లంకె ఇంకో లంకెను ఊరికే తాకుతుంది, ఆ తాకిడి కూడా ఒరిగిన కొద్దీ మారుతుంటుంది. కాబట్టి మిషనుకు అరతులం బంగారం కనబడదు, విడివిడి లంకెలు మాత్రమే ఎదురవుతాయి. వాటిలో పుట్టే కరెంట్లు కొద్ది మైక్రోసెకండ్లలోనే ఆరిపోతాయి. తనే తెంపిన పెద్ద కెరటం సద్దుమణిగేదాకా మిషను చెవి తెరవలేదు. తెరిచేసరికి గొలుసు చెప్పాల్సింది చెప్పేసి ఊరుకుంది. పైగా నగల బంగారం 22 క్యారెట్లది. వెండి, రాగి కలిసిన ఆ మిశ్రమంలో కరెంటు మేలిమి బంగారంలో పారినంత బాగా పారదు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. బంగారు రేణువులు వెతికే డిటెక్టర్లు కొన్ని 71 కిలోహెర్ట్జ్ దాకా ఎందుకు పోతాయో, మామూలువి 20కి లోపే ఎందుకు ఆగుతాయో నేను అంతకుముందే చదివాను. చదివినదాన్ని అమ్మ గొలుసుకు అన్వయించుకోలేదు.

గ్రాహంబెల్ కథ కూడా నాకు అప్పటికే తెలుసు. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లో ఎక్కడుందో కనిపెట్టడానికి బెల్ తన పరికరంతో వచ్చాడు. సరిగ్గా తేలలేదు. పరుపులో ఇనుప స్ప్రింగులున్నాయి. అదీగాక తూటా కుడివైపే ఉందని పెద్ద డాక్టర్ నమ్మకం, కాబట్టి వెతికింది కుడివైపే. సెప్టెంబర్ 19న గార్ఫీల్డ్ చనిపోయాక కోసి చూస్తే తూటా ఎడమవైపు ఉంది. ఆ కథను చాలామంది బెల్ ఓటమిగా చెబుతారు, నేనూ అలాగే చెప్పేవాణ్ని. కానీ బెల్ అధ్యక్షుడి దగ్గరికి వెళ్లకముందు, యుద్ధంలో తగిలిన తూటాలు ఇంకా ఒంట్లోనే ఉన్న పాత సైనికుల మీద తన పరికరాన్ని పరీక్షించి చూసుకున్నాడు. వెతకబోయే వస్తువు ఏ తీరులో ఉంటుందో ఆ తీరులోనే పరీక్షించాడు. నేను గొలుసు వెతకబోతూ ఉంగరంతో పరీక్షించాను. పక్కింట్లో అడిగితే సన్న గొలుసు దొరికేది.

అమ్మకు ఇదంతా చెప్పాను. మైక్రోసెకండ్ల ఊసు లేకుండా, ఉంగరం పలికి గొలుసు పలకని సంగతి చేసి చూపించాను. మేనకోడలి గొలుసు తనే చేతిలోకి తీసుకుని కాయిల్ మీద అటూ ఇటూ తిప్పి చూసింది. “తెల్వదని ఒక్కమాట అంటే నేను గంప కింద పెట్టకపోదును గదా” అంది. కోపంగా అనలేదు, జరిగింది జరిగినట్టు అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పటికి ఆ పెంట చెల్కంతా పరుచుకుని, గుంటక కింద కలిసిపోయి, దాని మీద పత్తి ఏపుగా ఉంది. పత్తి పీకేశాక వెతికాం. దొరకలేదు.

మందుపాతరలు తీసేవాళ్లు పనిలోకి దిగేముందు డిటెక్టర్‌ను ఒక నమూనా ముక్క మీద పట్టి చూస్తారు. ప్లాస్టిక్ మందుపాతరల్లో లోహం పిసరంత ఉంటుంది, ఆ పిసరును వినగలదో లేదో తేల్చుకోకుండా నేల మీద కాలు పెట్టరు. ఆ సంగతి చదివాక నేనూ అలాగే చేస్తున్నాను. వినడం మొదలుపెట్టే ఆలస్యాన్ని తగ్గించేలా సర్క్యూట్ కొంత మార్చాను, చిన్న కాయిల్ ఇంకొకటి చుట్టాను. ఊళ్లో ఎవరిదైనా కమ్మో ముక్కుపుడకో పోతే ఇప్పటికీ నన్నే పిలుస్తారు. జత కమ్మ తెమ్మంటాను. జత లేకపోతే అలాంటిది ఎవరి దగ్గరైనా అడిగి తెమ్మంటాను. పోయినచోటి మట్టిలోనే దాన్ని దారం కట్టి పూడ్చి, వాళ్ల ముందే మిషను తిప్పుతాను. పలికితే వెతుకుతాను. పలకకపోతే నా మిషనుకు ఇది వినబడదని చెప్పి, జల్లెడ అందుకుంటాను.