నవ్వొచ్చు, సంతోషించకూడదు

మీ మేనేజరు ఆఫీసులో కృత్రిమ మేధ కెమెరా బిగించాడనుకోండి. మీరు నవ్వారని అది కనిపెట్టొచ్చు. సంతోషంగా ఉన్నారని మాత్రం తేల్చకూడదు. ఇది నా చమత్కారం కాదు, యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం మాట. పీఠికలో 18వ పేరా చూడండి: నవ్వు, మొహం చిట్లింపు, గొంతు పెంచడం, గుసగుస, ఇవన్నీ పైకి కనిపించే సంగతులు. వాటిని గుర్తించి ఊరుకుంటే తప్పు లేదు, లోపలి మనసు గురించి ఊహించబోతేనే చిక్కు. నొప్పి, అలసట కూడా భావోద్వేగాలు కావట, ఒంటికి సంబంధించినవట. కాబట్టి గుమాస్తా అలిసిపోయాడని యంత్రం చెప్పొచ్చు. విసిగిపోయాడని చెబితే మాత్రం, వైద్యం కోసమో భద్రత కోసమో అయితే తప్ప, జరిమానా 3.5 కోట్ల యూరోల దాకా, లేదంటే కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవరులో 7 శాతం దాకా వెళ్లొచ్చు. గుమాస్తా విసుగుకి ఇంత విలువ కట్టినవాళ్లు ఇంతకుముందు లేరు.

2021 ఏప్రిల్‌లో ఈ చట్టం ముసాయిదా పెట్టేనాటికి చాట్‌జీపీటీ పుట్టనే లేదు. పుట్టాక హడావిడిగా దానికీ కొన్ని అధికరణాలు అతికించి, 2024 ఆగస్టు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. సరే, ఆలస్యం ఏ చట్టానికైనా మామూలే.

అసలు తమాషా సరిహద్దు దగ్గర మొదలవుతుంది. మొహం చదవకూడదన్న నిషేధం ఆఫీసులకీ బడులకీ మాత్రమే. వలసదారుల్ని ప్రశ్నించే అధికారులు వాడే లై డిటెక్టర్లు, వాటి చుట్టపక్కాలు నిషేధంలో లేవు, 'అధిక ముప్పు' జాబితాలో ఉన్నాయి. అంటే కాగితాలన్నీ సరిగ్గా ఉంటే కానివ్వొచ్చన్నమాట. 2016–2019 మధ్య ఐబోర్డర్‌కంట్రోల్ అనే ప్రాజెక్టుకి యూనియనే డబ్బిచ్చింది. హంగరీ, గ్రీస్, లాత్వియాల్లో పరీక్షలు జరిగాయి. తెరమీద కంప్యూటర్ పోలీసు ప్రశ్నలడుగుతుంటే, మొహంలో మెరిసి మాయమయ్యే కదలికల్ని బట్టి అబద్ధం పట్టాలన్నది ఆలోచన. సూట్‌కేసులో ఏముందన్నది అందులో ఒక ప్రశ్న. ఎమ్మెస్ చదవడానికి మ్యూనిక్‌లో దిగిన గుంటూరు కుర్రాణ్ణి ఆ ప్రశ్న అడిగి చూడండి. అమ్మ నాలుగు కవర్లలో చుట్టి ఇచ్చిన ఆవకాయ ఇస్త్రీ చొక్కాల మధ్య కారుతోందేమోనని వాడి ప్రాణం గిలగిల్లాడుతుంటుంది. ఆ మొహం చూసి ఏ యంత్రమైనా వాణ్ణి నమ్ముతుందా?

ఈ అధిక ముప్పు నియమాలైనా 2026 ఆగస్టులో మొదలవ్వాలని చట్టంలో రాసుకున్నవి. వాటికి కావలసిన సాంకేతిక ప్రమాణాలు తయారు కాలేదు, 2027 డిసెంబరు దాకా గడువివ్వండని 2025 నవంబరులో యూరోపియన్ కమిషనే అడిగింది. పరీక్ష పెట్టినవారే వాయిదా కోరడం మన విద్యార్థులకు కొత్త కాదు లెండి.

మరి యుద్ధం? రెండో అధికరణంలోనే తలుపు వేశారు. అచ్చంగా సైన్యం, రక్షణ, జాతీయ భద్రత కోసం వాడే వ్యవస్థల జోలికి ఈ చట్టం రాదు. ప్రాణం తీసే బలప్రయోగానికి అంతర్జాతీయ చట్టమే తగిన చోటని పీఠికలో మర్యాదగా రాసి చేతులు దులుపుకున్నారు. మనసు చదివే కెమెరాకి ఇన్ని షరతులు, మనిషికి గురిపెట్టే డ్రోనుకి జెనీవా చిరునామా.

ఆ చిరునామాకి వెళ్తే, అంటే అక్కడ ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో సాగే ఆయుధ చర్చలకి వెళ్తే, 2014 నుంచీ మాటలే. ఎవరి ప్రమేయమూ లేకుండా చంపే ఆయుధాల మీద 2019 నాటికి 11 మార్గదర్శక సూత్రాలు తేలాయి. ఒప్పందం మాత్రం తేల్లేదు. అక్కడ అన్నీ ఏకాభిప్రాయంతోనే జరగాలి, ఒక్కరు తల అడ్డంగా ఊపితే చాలు. ఆ విసుగుతోనే 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ ఆయుధాల మీద తీర్మానం పెడితే 152 దేశాలు ఔనన్నాయి, నాలుగు కాదన్నాయి. ఆ నాలుగింటిలో రష్యా ఒకటి. మనమూ ఉన్నాం. ఈ చర్చకి సరైన వేదిక జెనీవాయేనని, అక్కడే తేల్చుకోవాలని మనవాళ్ల వాదన. వేదిక మీద గౌరవం ఉండటం సహజమే, 2017లో అక్కడి నిపుణుల బృందానికి తొలి అధ్యక్షుడు మన రాయబారి అమన్‌దీప్ సింగ్ గిల్. డ్రోన్లు కొనడానికి మాత్రం ఏ సైన్యమూ జెనీవా ఏకాభిప్రాయం కోసం ఆగలేదు.