వేషాలకూ వారెంటు

మాస్కోలో మేయర్‌హోల్డ్ థియేటర్‌కు 1938లో తాళం పడింది. రెండేళ్లకు ఆ దర్శకుణ్ని కాల్చి చంపారు. ప్రాగ్‌లో 1968 తర్వాత హావెల్ నాటకాలకు రంగస్థలం కరువైంది. కమ్యూనిస్టులొస్తే కళ గతి ఇంతేనని చంకలు గుద్దుకునేవారు కాస్త ఆగాలి. ‘మా భూమి’ ఆడిన ప్రజా నాట్యమండలి కమ్యూనిస్టులదే. ఆ నాటకాన్ని నిషేధించింది మద్రాసు కాంగ్రెస్ సర్కారు! నాటకాలను అదుపు చేసేందుకు తెల్లవాళ్లు తెచ్చిన 1876 చట్టమైతే నటులతోపాటు తెరలనూ, దుస్తులనూ పట్టుకోమంది. అంటే, పాపం, అట్టకిరీటమూ ముద్దాయే. ఆ చట్టాన్ని మనం 2018 దాకా అపురూపంగా దాచుకున్నాం.

అక్కడ ప్రాణం తీశారు, ఇక్కడ నాటకమే కదా ఆపింది అంటారా? నిజమే, రెండూ ఒకటి కావు. మేయర్‌హోల్డ్‌కు దక్కని కోర్టులు, పత్రికలు, ఎన్నికలు మనకున్నాయి. అన్నీ ఉండి కూడా రంగు పూసుకున్న మొహాలకు జడిసే ప్రభుత్వానిదే ఎక్కువ పిరికితనం. నాటకాల సంగతే కాదు, సికింద్రాబాద్‌లో సభకో ఊరేగింపుకో అనుమతి కావాలంటే నేటికీ దిక్కు 1348 ఫస్లీ నాటి నిజాం పోలీసు చట్టమే. నిజాంను తిట్టినవారూ, పొగిడినవారూ గద్దెనెక్కారు; దాన్ని రద్దు చేయడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు.