టూలెట్

కూకట్‌పల్లిలో ఒక అపార్టుమెంటు గేటుకి బైండింగు వైరుతో కట్టిన రేకు బోర్డుని నేను. మామూలుగా నా ఉద్యోగం పదిహేను రోజులు. కొత్తవాళ్లు సామాను దించుతుండగానే వాచ్‌మన్ నన్ను విప్పి లిఫ్టు వెనక పడేస్తాడు. ఈసారి మాత్రం పదిహేడు నెలలకు పైగా వేలాడాను.

2023 అక్టోబరు ఆఖరున పాతవాళ్లు ఖాళీ చేశారు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి దాకా ఐదు నెలలు ఇల్లు ఊరికే ఉంది. దానికి ఓనరుగారు బాధపడలేదు, వచ్చిన ఏడు నెలల అద్దె మీదే పన్ను పడింది గనక. మధ్యలో ఖాళీ పడితే వచ్చినంతకే లెక్క అంటుంది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 23వ సెక్షను.

2024-25లో ఒక్కరూ దిగలేదు. నన్నడిగితే తప్పు ఇంటిది కాదు. ఫోన్ చేసినవాళ్లని ఆయన పెళ్లి చూపుల్లో అడిగినట్టు అడిగేవారు. బ్యాచిలర్లా? వద్దు. మాంసం తింటారా? ఆలోచించి చెబుతాను.

రిటర్ను వేసే రోజులొచ్చాయి. ఖాళీకి సాక్ష్యంగా నన్నే సంచిలో పెట్టుకుని ఆడిటర్ దగ్గరకు వెళ్లారాయన. ఆడిటర్ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"బోర్డు కడితే అద్దెకిచ్చినట్టు కాదు సార్. ఇవ్వాలనుకుంటే చాలదు, ఇచ్చి ఉండాలని 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఉద్దేశం ఉంటే చాలన్న ముంబై ట్రిబ్యునల్ తీర్పు ఉందిగానీ, దాన్ని పట్టుకుని పోట్లాడే ఓపిక మీకుందా?"

ఐదు నెలల ఖాళీకి జాలిపడిన చట్టం పన్నెండు నెలల ఖాళీకి పడదన్నమాట!

చుట్టుపక్కల ఇలాంటి ఫ్లాటుకి నెలకు 18,000. ఏడాదికి 2,16,000. కట్టిన ఇంటిపన్ను 6,000 తీసేసి, మిగిలినదాంట్లో మరమ్మతులకని 30 శాతం కొట్టేస్తే 1,47,000. రాని అద్దెకి ఇంత ఆదాయం! ఓనరుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"కంగారెందుకు? మీకు మూడిళ్లున్నాయి. రెండిళ్లు సొంతానికి ఉంచుకున్నట్టు చూపొచ్చు, వాటి విలువ సున్నా. ఏ రెండో మీ ఇష్టం. ఏ కారణం చేత కాపురం లేకపోయినా ఫరవాలేదని 2025లో సవరించారు కూడా. మీరుండే ఇల్లూ, ఈ ఫ్లాటూ సొంతానికి పెడదాం. తెనాలి ఇల్లు అద్దెకిచ్చినట్టు అనుకుందాం."

"అక్కడ మా అమ్మ ఉంటుందండీ!"

"ఉండనీయండి. నెలకు 6,000 అనుకుంటే ఏడాదికి 72,000. ఇంటిపన్ను 2,000 పోను, 30 శాతం పోను, 49,000. లక్ష దాకా తగ్గిందిగా?"

అంటే చట్టం దృష్టిలో నేను కట్టి ఉన్న ఫ్లాటు ఓనరుగారు సొంతానికి ఉంచుకున్న ఇల్లు. కన్నతల్లి ఉంటున్నదేమో అద్దె ఇల్లు. పదిహేడు నెలలకు పైగా ఎండకి పెచ్చులూడిపోయిన నా ఎర్ర రంగుని ఎవరికి చూపించుకోను?

సాయంత్రం నన్ను మళ్లీ గేటుకి కడుతూ ఆయన తెనాలికి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టడంతో నేనూ విన్నాను.

"అమ్మా, లెక్క కోసం నువ్వు ఆ ఇంట్లో నెలకు ఆరువేలకి అద్దెకున్నట్టు రాయిస్తున్నాం. ఏమీ అనుకోకు."

"ఆరువేలేంట్రా నా మొహం? పక్కవాటా వాళ్లే తొమ్మిదివేలు ఇస్తున్నారు!"

ముడి సగంలో వదిలేసి, ఆయన ఆడిటర్ నంబరు వెతకసాగారు.